ట్రామాకు, పీటీఎస్‌డీకి థెరపిస్టును వెతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మనసును కుదిపేసిన అనుభవం (ట్రామా) తర్వాత చికిత్స కోసం బయలుదేరినవారిలో చాలామంది దొరికిన మొదటి పేరుతోనే సరిపెట్టుకుంటారు. కొన్ని నెలలు వెళ్తారు. ఆ వారం జరిగిన సంగతులు మాట్లాడి వస్తారు. పీడకలలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. చివరికి "థెరపీ నాకు పనిచేయదు" అని మానేస్తారు. వాళ్లలో చాలామందికి అందనిది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే అలాంటి అనుభవం తర్వాత నెలకు మించి వదలని మానసిక జబ్బు) కోసమే రూపొందిన థెరపీ. ఆ తేడా తెలిసి వెతికేవారికి పనికొచ్చే ప్రశ్నలు, జవాబులు ఇవి. వరుసగా చదవనవసరం లేదు. చదువుతుంటే ఊపిరి బరువెక్కినట్టనిపిస్తే పక్కన పెట్టి తర్వాత చదవండి.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి. థెరపిస్టు దొరికేదాకా ఆగాలా?

ఆగకండి. ఈ రోజే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, లేదా మీరున్న చోట పనిచేసే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. నమ్మకమున్న ఒక్కరికైనా "నాకు చనిపోవాలనిపిస్తోంది, నా దగ్గర ఉండండి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రాణం తీసుకోవడానికి వాడాలనుకున్నవి ఏవైనా ఇంట్లో ఉంటే మీ చేతికందని చోటికి మార్చమనండి. పీటీఎస్‌డీ ఉన్నవారికి ఇలాంటి ఆలోచనలు రావడం అరుదేమీ కాదు. చికిత్స చేసేవారు ఈ మాట ముందే విని ఉంటారు, మీరు చెప్పాలనే కోరుకుంటారు. కింద ఉన్నవన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

నాకు జరిగింది ట్రామా అనేంత పెద్దదేనా?

ఈ ప్రశ్న అడిగినవారు సాధారణంగా వెంటనే ఇంకో మాట కలుపుతారు: "నాకన్నా ఘోరంగా దెబ్బతిన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు కదా." ఉన్నారు. దానివల్ల మీ నిద్ర తిరిగి రాదు. ఇంకొకరి బాధ పెద్దదైనంత మాత్రాన మీకు చికిత్స అక్కర్లేకుండా పోదు.

వైద్యులు నిర్ధారణకు వాడే ప్రమాణాల్లో ప్రాణాపాయం, తీవ్రమైన గాయం, లైంగిక హింస ఉంటాయి. అవి మీకే జరిగి ఉండవచ్చు, మీ కళ్ల ముందు జరిగి ఉండవచ్చు, మీ ఆత్మీయులకు జరిగిందని విని ఉండవచ్చు. ప్రమాద స్థలాల్లో, శవాల మధ్య పనిచేసే వృత్తుల్లో ఉన్నవారికి పదేపదే చూడడం వల్ల కూడా వస్తుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో పీటీఎస్‌డీని తన నిర్ధారణ గ్రంథంలో చేర్చడానికి వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల స్థితి పెద్ద కారణం. అందుకే దీన్ని యుద్ధం చూసినవారి జబ్బుగా భావించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోడ్డు ప్రమాదం, అత్యాచారం, ఇంట్లో ఏళ్ల తరబడి సాగిన హింస, ప్రాణం మీదికి వచ్చిన ప్రసవం, వరద, భూకంపం, వీటిలో దేనివల్లనైనా రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి సంఘటన సుమారు 70 శాతం మందికి ఎదురవుతుంది. ప్రపంచ జనాభాలో పీటీఎస్‌డీ ఎప్పుడైనా వచ్చినవారు 3.9 శాతం. అంటే ఎక్కువమంది కోలుకుంటారు. కోలుకోనివారు బలహీనులు కారు. సంఘటన ఎలాంటిది, ఎన్నిసార్లు జరిగింది, ఆ తర్వాత పక్కన ఎవరైనా నిలిచారా లేదా అన్నవి ఇందులో పెద్ద పాత్ర వహిస్తాయి. లైంగిక హింస తర్వాత పీటీఎస్‌డీ వచ్చే అవకాశం మిగతా చాలా సంఘటనలకన్నా ఎక్కువ.

ఏ లక్షణాలు చూసి అనుమానించాలి?

జరిగినది జ్ఞాపకంలా కాక ఇప్పుడే జరుగుతున్నట్టు మీద పడడం: పీడకలలు, ఫ్లాష్‌బ్యాకులు, ఒక వాసనకో శబ్దానికో గుండె దడదడలాడడం. దాన్ని గుర్తుచేసే మనుషులనూ చోట్లనూ మాటలనూ తప్పించుకుంటూ తిరగడం. "తప్పంతా నాదే", "ఎవరినీ నమ్మకూడదు" లాంటి నమ్మకాలు పాతుకుపోవడం, ఆనందం, ప్రేమ మొద్దుబారిపోవడం. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం: నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, ఉన్నట్టుండి కోపం ముంచుకురావడం. ఈ నాలుగు రకాలూ కలిసి నెలకు మించి సాగుతూ, ఇల్లూ పనీ దెబ్బతింటుంటే పరీక్ష చేయించుకోవాలి. నిర్ధారణ మాత్రం నిపుణుల పని. ఆన్‌లైన్‌లో కనిపించే ప్రశ్నపత్రం నింపి మీకు మీరే పేరు పెట్టుకోవద్దు.

ఘటన జరిగి వారమే అయింది. వెంటనే థెరపీ మొదలుపెట్టాలా?

తొలి వారాల్లో నిద్రలేమి, ఏడుపు, వణుకు చాలామందిలో ఉంటాయి, చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. అప్పుడు కావలసింది భద్రత, నిద్ర, తోడు, రోజువారీ పనుల్లో సాయం. జరిగిందంతా ఒకే విడతలో చెప్పించే "డిబ్రీఫింగ్" పద్ధతి ఒకప్పుడు విరివిగా వాడారు. అది పీటీఎస్‌డీని ఆపలేదని, కొందరికి మేలు కన్నా కీడే చేసిందని పరిశోధనల్లో తేలింది. ఎవరైనా మిమ్మల్ని కూర్చోబెట్టి వివరాలన్నీ రాబట్టాలని చూస్తే ఇప్పుడు వద్దని చెప్పవచ్చు.

బాధ తీవ్రంగా ఉండి, రోజు గడవడమే కష్టమవుతుంటే మాత్రం నెల దాటేదాకా ఎదురుచూడకండి. మొదటి నెలలోని తీవ్ర ఒత్తిడికి కూడా పద్ధతి ప్రకారం చికిత్స ఉంది.

జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు వెళ్తే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. ఈ చికిత్సలను పరీక్షించిన అధ్యయనాల్లో చిన్ననాటి దాడులను మోసుకొచ్చిన నడివయసువారు, దశాబ్దాల కిందటి యుద్ధాన్ని మరవలేని మాజీ సైనికులు ఉన్నారు. వారిలోనూ మెరుగుదల కనిపించింది. ఆలస్యమైందన్న కారణంతో మిమ్మల్ని వెనక్కి పంపే థెరపిస్టుకు ఈ విషయం తెలియదనే అర్థం.

సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, కౌన్సెలరా? ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక సమస్యల అంచనాలో, మాటల ద్వారా చేసే చికిత్సలో శిక్షణ పొందినవారు. శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు, కౌన్సెలర్లు కూడా థెరపీ చేస్తారు. "థెరపిస్టు", "కౌన్సెలర్" అన్న పేర్లను ఎవరు వాడుకోవచ్చన్న నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. కొన్నిచోట్ల ఏ అర్హతా లేనివారు కూడా ఆ బోర్డు పెట్టుకోగలరు. కాబట్టి డిగ్రీ, నమోదు సంఖ్య అడిగి సరిచూసుకోవడం అమర్యాద కాదు.

అయితే నా అభిప్రాయంలో హోదా కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పీటీఎస్‌డీకి నిరూపితమైన పద్ధతుల్లో ఒకదానిలోనైనా ఆ వ్యక్తి శిక్షణ పొందారా, దాన్ని నిజంగా వాడుతున్నారా? పెద్ద డిగ్రీ ఉండి ఈ శిక్షణ లేనివారి కన్నా, చిన్న హోదాలో ఉన్నా ఈ పద్ధతిని పర్యవేక్షణలో నేర్చుకున్నవారు మీకు ఎక్కువ మేలు చేయగలరు.

ఆ నిరూపితమైన పద్ధతులు ఏవి?

పేర్లు తెలిసి ఉంటే ఫోనులో అడగడం తేలిక, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. వీటన్నిటికీ కలిపి "ట్రామా కేంద్రిత చికిత్సలు" అని పేరు. అమెరికాలో మాజీ సైనికుల విభాగం, రక్షణ విభాగం కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కింద చెప్పే మొదటి మూడింటినీ మందులకన్నా ముందు సిఫారసు చేశాయి.

కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీని పట్రీషియా రెసిక్, ఆమె సహచరులు రూపొందించారు. సాధారణంగా 12 సెషన్లు. ఘటన తర్వాత మనసులో గట్టిపడిపోయిన నమ్మకాల మీద పని జరుగుతుంది. "నేను ఆ దారిన వెళ్లకపోతే ఇది జరిగేది కాదు" అన్న మాటను తీసుకుందాం. నిజంగా అది మీ తప్పేనా, అప్పటికి మీకు తెలిసింది ఎంత, నేరం చేసినవారి బాధ్యత ఎక్కడికి పోయింది అని థెరపిస్టు మీతో కలిసి ప్రశ్నలు వేస్తారు. ఇంటి దగ్గర రాసుకునే అభ్యాసాలుంటాయి. భద్రత, నమ్మకం, అధికారం, ఆత్మగౌరవం, సాన్నిహిత్యం అనే ఐదు అంశాలను వరుసగా చూస్తారు. ఘటన వివరాలను రాయకుండానే ఈ చికిత్స పూర్తిచేసే మార్గం కూడా ఉంది. వివరాల్లోకి వెళ్లడమంటేనే భయపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ థెరపీని ఎడ్నా ఫోవా అభివృద్ధి చేశారు. సుమారు 8 నుంచి 15 సెషన్లు, ఒక్కొక్కటి గంటన్నర వరకూ సాగవచ్చు. సురక్షితమైన గదిలో ఆ జ్ఞాపకాన్ని వర్తమాన కాలంలో చెప్తారు, అది రికార్డు చేసుకుని ఇంట్లో వింటారు. అపాయం లేకపోయినా భయంతో మానేసిన చోట్లకు, పనులకు మెట్టు మెట్టుగా తిరిగి వెళ్తారు. వినడానికి కఠినంగా ఉంటుంది. జ్ఞాపకం బాధాకరమైనదే గానీ ప్రమాదకరమైనది కాదని శరీరానికి తెలిసివచ్చేది ఈ పునరావృతిలోనే.

ఈఎండీఆర్ (ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్) చికిత్సలో జ్ఞాపకంలోని ఒక దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు కదిపే వేళ్లను కళ్లతో అటూ ఇటూ అనుసరిస్తారు. కొందరు చేతుల మీద తట్టడం, చెవుల్లో మార్చి మార్చి వినిపించే శబ్దం వాడతారు. ఫ్రాన్సిన్ షాపిరో దీన్ని 1980ల చివర్లో రూపొందించారు. మొత్తం ఎనిమిది దశలుంటాయి. కంటి కదలికల పాత్ర ఎంత అన్న విషయంలో పరిశోధకుల మధ్య వాదం ఇంకా ఉంది. చికిత్స మొత్తంగా పనిచేస్తుందన్న విషయానికి ఆధారాలు బాగానే ఉన్నాయి, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేసింది. అన్నిటినీ నోటితో చెప్పక్కర్లేకపోవడం కొందరికి ఇందులో ఊరట.

యుద్ధం, వలస, పదేపదే జరిగిన హింస అనుభవించినవారి కోసం నేరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ ఉంది. ఇందులో జీవితాన్ని ఒక తాడులా నేల మీద పరిచి, మంచి ఘట్టాలకు పువ్వులు, చేదు ఘట్టాలకు రాళ్లు పెట్టి, పుట్టుక నుంచి ఇప్పటిదాకా కథను వరుసక్రమంలో కూర్చుతారు.

ఇవి కాక శ్వాస అభ్యాసాలు, యోగా, ధ్యానం, చిత్రలేఖనం మనసును నెమ్మదింపజేయడానికి తోడ్పడతాయి. వాటినే అసలు చికిత్సగా అందించేవారి దగ్గర ఆగిపోవద్దు.

జరిగిందంతా చెప్పాల్సిందేనా?

మొదటి రోజు చెప్పనవసరం లేదు. "నా మీద దాడి జరిగింది, వివరాలు ఇప్పుడు చెప్పలేను" అన్న వాక్యం తొలి సెషన్‌కు చాలు. మంచి థెరపిస్టు ముందుగా మీ లక్షణాలు, మీ భద్రత, మీకున్న తోడు గురించి అడుగుతారు. తర్వాత ఎంత చెప్పాలన్నది ఎంచుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. ఏ పద్ధతిలోనైనా ఎప్పుడు ఆపాలో నిర్ణయించే హక్కు మీది. హింసకు గురైనప్పుడు మీ ఇష్టంతో పని లేకుండా పోయింది. చికిత్స గదిలో మళ్లీ అదే జరగడానికి వీల్లేదు.

ఫోను చేయడానికే చేతులు రావడం లేదు. నేను నిజంగా బాగుపడాలనుకోవడం లేదా?

అనుకుంటున్నారు. తప్పించుకోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. థెరపిస్టును వెతకడమంటే ఆ సంఘటన వైపు అడుగు వేయడమే. అందుకే పేరు రాసుకున్న కాగితం నెలల తరబడి సొరుగులో ఉండిపోతుంది, అపాయింట్‌మెంటు రోజు పొద్దున్నే తలనొప్పి వస్తుంది, "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అనిపిస్తుంది. కాలు విరిగినవాడు ఎముకల డాక్టరు కోసం మూడంతస్తులు ఎక్కాల్సి వచ్చినట్టుంటుంది ఈ స్థితి. అలా ఆగిపోయినందుకు సోమరినని, పిరికినని తిట్టుకుంటే బరువు ఇంకా పెరుగుతుంది.

పనిని ముక్కలు చేయండి. ఈ రోజు పేర్లు మాత్రమే వెతకండి. రేపు ఒకరికి ఈమెయిల్ రాయండి, ఫోను కన్నా రాయడం చాలామందికి తేలిక. రాయాల్సింది ఇంతే: "ఒక దుర్ఘటన తర్వాత నాకు పీడకలలు, భయం ఉన్నాయి. మీరు పీటీఎస్‌డీకి చికిత్స చేస్తారా? ఏ పద్ధతిలో చేస్తారు? కొత్తవారిని తీసుకుంటున్నారా?" అది కూడా కష్టమైతే ఆ పని నమ్మకమున్న వారికి అప్పగించండి. మీ తరఫున ఎవరైనా విచారించడంలో తప్పేమీ లేదు, జరిగిన సంగతి వారు థెరపిస్టుకు చెప్పనవసరం కూడా లేదు. అపాయింట్‌మెంటు ఖరారయ్యాక తోడు రమ్మని ఒకరిని పిలవండి. వారు బయట కూర్చున్నా చాలు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

మీకు తెలిసిన డాక్టరును అడగండి. సైకాలజిస్టుల వృత్తి సంఘాలు, అధికారిక నమోదు సంస్థలు నిర్వహించే జాబితాలు చూడండి. పైన చెప్పిన పద్ధతుల్లో శిక్షణ ఇచ్చే సంఘాలకు తమ దగ్గర శిక్షణ పూర్తిచేసినవారి జాబితాలు ఉంటాయి, అన్నిటికన్నా పనికొచ్చేవి అవే. వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు, హింసకు గురైన స్త్రీలకు, శరణార్థులకు సాయం చేసే సంస్థలు కూడా పేర్లు చెప్పగలవు. ప్రకటనల్లో కనిపించే నక్షత్రాల రేటింగులను నేను పెద్దగా నమ్మను. బాగుపడ్డవారిలో చాలామంది ఆ సంగతి బయట రాసుకోరు.

మొదటిసారి మాట్లాడినప్పుడు ఏం అడగాలి?

కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆందోళనలో మరచిపోతారు. ముందుగా ఏ పద్ధతి వాడతారో, అందులో శిక్షణ ఎక్కడ పొందారో అడగండి. నాలాంటి అనుభవం ఉన్నవారికి ఇంతకుముందు చికిత్స చేశారా? ఒక సెషన్ ఎలా నడుస్తుంది, ఇంటి దగ్గర నేనేం చేయాలి? మెరుగవుతున్నానో లేదో ఎలా కొలుస్తారు? సెషన్ మధ్యలో తట్టుకోలేకపోతే ఏం చేస్తారు? రెండు సెషన్ల మధ్య అత్యవసరమైతే ఎవరిని సంప్రదించాలి? ఫీజు ఎంత, రాలేని రోజుకు కూడా కట్టాలా?

కొలవడం గురించిన ప్రశ్నను వదలకండి. పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం ఉంది, ఒక్కో లక్షణానికి 0 నుంచి 4 దాకా మార్కు వేస్తారు, మొత్తం 80. మొదట్లో ఒకసారి, తర్వాత కొన్ని వారాలకొకసారి నింపితే మార్పు అంకెల్లో కనిపిస్తుంది. పత్రం ఏదైనా సరే, కొలిచే అలవాటున్న థెరపిస్టు చికిత్స దారి తప్పితే త్వరగా గమనిస్తారు.

జవాబుల్లో వెతకాల్సింది స్పష్టత. "అన్ని పద్ధతులూ కలిపి వాడతాను, మీరు వస్తే చూద్దాం" అన్నది జవాబు కాదు. "నేను కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ చేస్తాను, 12 వారాలు అనుకుందాం, ఆరో వారంలో ఒకసారి ఆగి చూసుకుందాం" అన్నది జవాబు. "ట్రామా గురించి అవగాహన ఉంది" అన్న మాట కూడా సరిపోదు. ఆ అవగాహన పళ్ల డాక్టరుకూ, టీచరుకూ ఉండాలి. చికిత్స చేయడం వేరే నైపుణ్యం.

ఏ సూచనలు కనిపిస్తే అక్కడినుంచి వచ్చేయాలి?

జరిగినదానికి మిమ్మల్ని తప్పుపట్టడం. "మరచిపోండి", "క్షమించేయండి, అంతా పోతుంది" అని తొందరపెట్టడం. ఒకటి రెండు సెషన్లలో పూర్తిగా నయం చేస్తానని మాట ఇవ్వడం. తన సొంత బాధలు మీతో చెప్పుకోవడం. బయట కలుద్దామనడం, వ్యాపార సంబంధం పెట్టుకోవడం, అనుమతి లేకుండా తాకడం. థెరపిస్టు చికిత్స పొందుతున్న వ్యక్తితో లైంగిక సంబంధం పెట్టుకోవడం ఏ సందర్భంలోనూ చికిత్స కాదు, అది దుర్వినియోగం. నమోదు సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. మీకు గుర్తులేని ఘటనలను హిప్నాసిస్‌తోనో మరో విధంగానో "బయటికి తీస్తాను" అనేవారికి దూరంగా ఉండండి. మనిషి జ్ఞాపకం సూచనలకు లొంగుతుంది. జరగనివి జరిగినట్టు నమ్మే ప్రమాదం నిజంగా ఉంది.

మంచివారే, అర్హతలున్నవారే. అయినా నాకు కుదరడం లేదు.

మారండి. చికిత్స ఫలితంలో మీ ఇద్దరి మధ్య కుదిరే నమ్మకానికి పెద్ద వాటా ఉంది. ముందుగా ఒక్కసారి ఆ అసౌకర్యాన్ని వారితోనే చెప్పి చూడమంటాను: "మీరు వేగంగా వెళ్తున్నట్టుంది", "ఆ రోజు మీరన్న మాట నన్ను బాధపెట్టింది." నిలకడగా విని సర్దుకునేవారైతే బంధం గట్టిపడుతుంది. మొహం మాడ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే. మారేటప్పుడు వివరణ ఇవ్వనవసరం లేదు, కొత్తవారి పేరు చెప్పమని అడగవచ్చు కూడా.

ఒక్క జాగ్రత్త. కష్టమైన జ్ఞాపకం దగ్గరికి చేరిన ప్రతిసారీ థెరపిస్టు నచ్చకుండా పోతున్నారేమో గమనించుకోండి. అది తప్పించుకోవడం వేసుకున్న కొత్త వేషం కావచ్చు.

ఆడవారు కావాలని, నా భాష మాట్లాడేవారు కావాలని అడగవచ్చా?

నిస్సంకోచంగా అడగండి. భయం, సిగ్గు, కోపం లాంటివి చెప్పడానికి చిన్ననాటి నుంచి మాట్లాడిన భాషే చాలామందికి చేతికందుతుంది. అలాంటివారు దొరకకపోతే దుబాసీ సాయంతో కూడా చికిత్స సాగుతుంది. ఆ దుబాసీ మాత్రం బంధువు కాకూడదు, పిల్లలు అసలే కాకూడదు.

చెప్పింది బయటికి పోతుందా?

మామూలుగా పోదు. కొన్ని మినహాయింపులుంటాయి: మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో తక్షణ ముప్పు ఉన్నప్పుడు, పిల్లలపై హింస జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. చట్టాలు చోటును బట్టి మారతాయి కాబట్టి మొదటి సెషన్‌లోనే "ఏ సందర్భాల్లో మీరు బయటికి చెప్పాల్సి వస్తుంది?" అని అడగండి. కేసు నడుస్తుంటే, నడిచే అవకాశముంటే, థెరపిస్టు రాసే నోట్సు గురించి మీ న్యాయవాదితో ముందే మాట్లాడండి.

వీడియోలో చేయించుకుంటే సరిపోతుందా?

చాలామందికి సరిపోతుంది. పైన చెప్పిన ప్రధాన పద్ధతులను వీడియోలో చేసి చూసినప్పుడు ఫలితాలు ముఖాముఖికి దగ్గరగానే వచ్చాయి. కావలసింది తలుపు వేసుకోగల గది, వినేవారెవరూ లేరన్న ధీమా. హింసించిన వ్యక్తి అదే ఇంట్లో ఉంటే వీడియో వద్దు. సందేశాల మీదే నడిచే సేవలను, కృత్రిమ మేధ చాట్‌లను పీటీఎస్‌డీ చికిత్సగా లెక్కించకండి.

హింస ఇంకా ఆగలేదు. ముందు థెరపీయా, ముందు బయటపడడమా?

ముందు భద్రత. అప్రమత్తంగా ఉండక తప్పని ఇంట్లో అప్రమత్తతను తగ్గించే చికిత్స పూర్తిగా పనిచేయదు, పనిచేయకపోవడం మీ లోపం కాదు. గృహహింస బాధితులకు సాయపడే సంస్థలు బయటపడే పథకం వేయడంలో తోడుంటాయి. ఈలోగా థెరపిస్టు మద్దతు తీసుకోవచ్చు. జంటగా చేసే కౌన్సెలింగ్ మాత్రం ఈ దశలో వద్దు. గదిలో చెప్పిన మాటకు ఇంట్లో శిక్ష పడవచ్చు.

నాది ఒక్క సంఘటన కాదు, బాల్యమంతా అదే. అప్పుడేం చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి విడిగా చోటు ఇచ్చారు. పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు ఉద్వేగాలు అదుపు తప్పడం, తాను పనికిరానివారినన్న గాఢమైన భావన, దగ్గరి బంధాలు నిలుపుకోలేకపోవడం ఉంటాయి. వీరికి జ్ఞాపకాల మీద పనికి ముందు ఉద్వేగాలను సంభాళించుకునే నేర్పు ఎంతకాలం నేర్పాలి అన్న విషయంలో నిపుణులకు భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ సన్నాహమే ఏళ్ల తరబడి సాగి, అసలు పని ఎప్పటికీ మొదలుకాకపోవడం న్యాయం కాదని నేను అనుకుంటాను. థెరపిస్టును "ట్రామా జ్ఞాపకాల మీద పని ఎప్పుడు మొదలుపెడదాం, దానికి నేను సిద్ధమయ్యానని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. చికిత్స 12 సెషన్లకు మించి సాగడం ఇక్కడ సహజం.

మందులు వేసుకోవాలా?

కొందరికి ఉపయోగం. సెర్ట్రలిన్, పారాక్సెటిన్, వెన్లఫాక్సిన్‌లకు ఆధారాలు ఉన్నాయి. ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు. థెరపీ వెంటనే దొరకనప్పుడు, నిరాశ తీవ్రంగా తోడైనప్పుడు మందులు నిలబెడతాయి. అల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటి బెంజోడయజెపిన్ మాత్రలు క్షణికంగా హాయినిచ్చినా పీటీఎస్‌డీకి వాటిని సిఫారసు చేయరు. అలవాటుపడే ప్రమాదం ఉంది, థెరపీ ఫలితాన్నీ దెబ్బతీయవచ్చు. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా మానేయకండి, డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకోవాలి.

రాత్రుళ్లు తాగితేగానీ నిద్ర పట్టడం లేదు. తాగుడు మానాకే చికిత్స ఇస్తారా?

అలా షరతు పెట్టేవారు ఇంకా ఉన్నారు. రెండింటికీ ఒకేసారి చికిత్స చేయవచ్చని ఇప్పుడు తెలుసు. దాచకుండా చెప్పండి. రోజూ ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం రావచ్చు, అది డాక్టరు చూస్తుండగా జరగాలి.

చికిత్స మొదలయ్యాక కలలు ఎక్కువయ్యాయి. ఆపేయాలా?

తొలి వారాల్లో కొందరికి అలా జరుగుతుంది. ఇన్నాళ్లూ తోసిపెట్టినదాని వైపు చూడడం మొదలైంది కాబట్టి కలత పెరుగుతుంది, ఎక్కువమందిలో అది తాత్కాలికమే. చెప్పకుండా మానేయడం కన్నా తర్వాతి సెషన్‌లో మొదటి మాటగా ఇదే చెప్పండి. వేగం తగ్గించవచ్చు. రోజులు గడిచేకొద్దీ పనికి వెళ్లలేకపోవడం, ఒళ్లు తెలియకపోవడం, తనకు తాను హాని చేసుకోవాలనిపించడం ఉంటే వెంటనే తెలియజేయాలి.

డబ్బు లేనివారికి దారి ఏది?

ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలు, విశ్వవిద్యాలయాల్లో శిక్షణలో ఉన్నవారు పర్యవేక్షణలో నడిపే క్లినిక్కులు, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే థెరపిస్టులు, హింస బాధితుల సంస్థలు. శిక్షణలో ఉన్నవారంటే వెనకాడవద్దు, పద్ధతిని పుస్తకంలో ఉన్నట్టు పాటించేది తరచుగా వారే. నిరీక్షణ జాబితాలో ఉండగా అమెరికా మాజీ సైనికుల విభాగం తయారుచేసిన "పీటీఎస్‌డీ కోచ్" అనే ఉచిత యాప్ లక్షణాలను గమనించుకోవడానికి, కలత తగ్గించుకోవడానికి పనికొస్తుంది. చికిత్సకు అది బదులు కాదు.

పిల్లలకైతే?

పిల్లల ట్రామాలో శిక్షణ ఉన్నవారినే వెతకాలి. జుడిత్ కోహెన్, ఆంథనీ మన్నరినో, ఎస్తర్ డెబ్లింజర్ రూపొందించిన ట్రామా కేంద్రిత కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి గట్టి ఆధారాలున్నాయి. ఇందులో తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కూడా పాల్గొంటారు. చిన్నపిల్లలు మాటల్లో చెప్పరు: అదే ఘటనను ఆటలో మళ్లీ మళ్లీ ఆడతారు, మానేసిన పక్క తడపడం తిరిగి మొదలవుతుంది, తల్లిని వదలరు. బిడ్డను గుచ్చి గుచ్చి అడగకండి. చెప్పినప్పుడు నమ్మండి.

నా భర్తకు పీటీఎస్‌డీ ఉందనిపిస్తోంది, ఆయన ఒప్పుకోవడం లేదు. నేనేం చేయగలను?

జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. మీరు చూస్తున్నది చెప్పండి: "మీరు రాత్రుళ్లు అరుస్తూ లేస్తున్నారు, నాకు భయంగా ఉంది, మీతో పాటు నేనూ వస్తాను." ఒకసారి మాట్లాడి చూడడానికి మాత్రమే అడగండి, ఏడాది చికిత్సకు కాదు. నిద్ర కోసమనో, తలనొప్పి కోసమనో డాక్టరును కలవడానికి ఒప్పుకుంటే అదీ మంచి ఆరంభమే. ఆయన తప్పించుకునే ప్రతి చోటునూ ఆయన బదులు మీరే మోయడం, ఫోన్లన్నీ మీరే ఎత్తడం, ఇంటికి ఎవరినీ రానివ్వకపోవడం ప్రేమతో చేసేవే అయినా లక్షణాలను నిలబెడతాయి. మీ పట్ల, పిల్లల పట్ల కోపం దెబ్బలదాకా వస్తే జబ్బు ఉందన్న కారణంతో సహించకండి. మీరు ఒంటరిగా థెరపిస్టును కలవడానికి ఆయన ఒప్పుకోవాల్సిన పని లేదు.

చికిత్స ముగిసిందని ఎలా తెలుస్తుంది?

ఆ జ్ఞాపకం చెరిగిపోదు. తలచుకుంటే దుఃఖం రావచ్చు, కానీ ఒళ్లంతా వణికి అప్పటికి లాక్కుపోదు. మానేసిన దారిలో మళ్లీ నడుస్తారు, లక్షణాల మార్కులు తగ్గి కొన్ని వారాలు అక్కడే నిలుస్తాయి. అప్పుడు సెషన్లను దూరం దూరంగా జరిపి, ఒకటి రెండు నెలల తర్వాత మళ్లీ ఒకసారి కలిసేలా తేదీ పెట్టుకుంటారు. ఆ సంఘటన జరిగిన తేదీ వచ్చినప్పుడు, కోర్టు విచారణకు వెళ్లాల్సినప్పుడు, కొత్తగా ఏదైనా నష్టం జరిగినప్పుడు పాత లక్షణాలు కొన్నాళ్లు తిరిగి కనిపించవచ్చు. అలాంటప్పుడు రెండు మూడు సెషన్లకు అదే థెరపిస్టును మళ్లీ కలవవచ్చా, నిరీక్షణ జాబితాలో మళ్లీ మొదటినుంచి ఉండాలా అన్నది చివరి సెషన్‌లోనే అడిగి రాసి పెట్టుకోండి.